గాలి బాగా లాగుతోందా?

ఆ ఇంట్లో పొద్దు తుమ్ములతో తెల్లవారేది. కోడలు మూకుడులో ఎండుమిరపకాయలు వేసిన మరుక్షణం మొదటి తుమ్ము అత్తగారిది. పిల్లి తుమ్మినట్టు చిన్నగా, వరసగా వచ్చేది. రెండోది మొగుడిది. ముక్కు పట్టుకుని, ఆపుకుని, ఆపుకుని, చివరికి చొక్కా గుండీ ఎగిరిపోయేలా తుమ్మేవాడు. ఆఖరిది మావగారిది. అది ఒక్కటే, కానీ బీరువా బోర్లా పడ్డంత చప్పుడు. ఆ తుమ్ము అయ్యాక ఇంక ఎవరికీ అలారం అక్కర్లేదు.

పెళ్ళయి ఇంకా కొత్త చీరల మడతలైనా విప్పని కోడలికి ఇదంతా భలే సరదాగా ఉండేది. ఆమెకు ఆ ఇంట్లో సరదాగా లేనిదంటూ లేదు. గదులన్నీ రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉన్నాయని ముచ్చట. గోడలమీద చెక్క పట్టీల్లో పాకే పాత వైరింగు చూసి ముచ్చట. గుండ్రటి నల్ల స్విచ్చు నొక్కితే 'టక్' మని అది పలికే తీరుకు మరీ ముచ్చట. పట్టపగలు కూడా ఊరికే ఒకసారి వేసి ఆపేది. మొగుడు కరెంటాఫీసు అధికారిలా ముఖం పెట్టి, "కరెంటు ఖర్చు" అని ఆమె చెవిలో అనేవాడు. అనడానికే అంత దగ్గరికి రావాలా అని ఆమె నవ్వేది.

ముచ్చట లేనిదల్లా వంటింటి పొగ ఒక్కటే. వంటగది ఆ రైలుకు చిట్టచివరి పెట్టె. కిటికీ లేదు. పక్క గోడకు పైన ఒక వెంటిలేటరు ఉంది కానీ, ఎప్పుడో రంగులు వేసినవాడు దాన్ని కూడా కలిపి పూసేశాడు; అప్పట్నుంచీ అది తెరుచుకోలేదు. పొగ పోవడానికి దారిలేక గదులన్నీ తిరిగి, అందరినీ పలకరించి, వీధి గుమ్మంలోంచి వెళ్ళేది.

"వెనక గోడకి ఓ ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకుంటే ఎంత బావుంటుందో," అని ఒకరోజు కాఫీలు అందిస్తూ ఆమె యథాలాపంగా అంది.

అత్తగారు గ్లాసులోకి చూసుకుంది. మొగుడు పేపర్లోకి చూశాడు. మావగారు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

ఆయన జీవితమంతా కరెంటు పని చేసిన మనిషి. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో వెలిగే దీపాల్లో సగం ఆయన చేత్తో వెలిగినవే. అలాంటివాడు ఒకరోజు, ఎవరింట్లోనో చేసిన కనెక్షను తప్పిందని నలుగురి ముందు మాటపడి వచ్చి, పనిముట్ల సంచిని గోడమేకుకు తగిలించేశారు. మోకాళ్ళ నొప్పులన్నారు. నొప్పి మోకాళ్ళలో కాదు, కళ్ళలో ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. కొడుక్కి చూస్తే కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి ముక్కుమీదా అద్దాలు పెట్టినవాడు కన్నతండ్రి ముక్కు దాకా వెళ్ళలేకపోయాడు. "ఇంట్లో దుకాణం ఉన్నంత మాత్రాన ఇంటిల్లిపాదీ గిరాకీలు కావాలట్రా?" అని ఆయన ఒక్కసారే అన్నారు, కొడుకు మళ్ళీ ఎత్తలేదు.

"పెట్టించుకోవడం ఏమిటమ్మాయ్?" అన్నారు మావగారు. "నేను లేనా?"

ఆ మర్నాడు సంచి మేకు దిగింది.

తాపీ మేస్త్రీ వచ్చి వెనక గోడకు గుండ్రంగా కన్నం కొట్టి వెళ్ళాడు. మిగతాదంతా మావగారే. మెయిన్ ఆపి, పట్టీ మూత విప్పి, పాత వైర్లను వేళ్ళతో తడిమి, ఏది ఎక్కడినుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో తాకి చెప్పేస్తుంటే, కింద ముక్కాలిపీట పట్టుకున్న కోడలు నోరు తెరుచుకుని చూసింది. ఆయన ఈలపాట పాడుతున్నారు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు ఆ ఈల వింటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అడిగితే సున్నం దుమ్ము పడిందంది.

కొత్త స్విచ్చు నొక్కే గౌరవం కోడలికి దక్కింది. 'టక్'. ఫ్యాను గుర్రుమంటూ తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు సరిగ్గా ఆమె ముఖాన ఒక వెచ్చటి గాలి కొట్టింది. ఆ గాలిలో మాడిన పాల వాసన ఉంది.

వాళ్ళ పొయ్యిమీద పాలు లేవు.

సన్నటి సందుకు అవతల పక్కింటి పెద్ద టీచరుగారి వంటిల్లు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైనా ఆవిడ పలకరిస్తే ఇప్పటికీ అందరూ చేతులు కట్టుకుంటారు. ఆ పాలు ఆవిడవి. కోడలు మొగుడి వంక చూసింది. మొగుడు మునివేళ్ళమీద లేచి ఫ్యాను అంచు చూశాడు. అక్కడ చీమ తలకాయంత బాణం గుర్తు ఉంది. అది సందువైపు కాక, వంటింట్లోకి చూస్తోంది. పాత ఫ్యాన్లకు మోటారు ఏ వైపు ఉంటే అది లోపల అని మావగారి చేతుల లెక్క. ఈ కొత్త ఫ్యానుకు ఆ లెక్క లేదు. బాణం ఒక్కటే ఆధారం. వైరింగు దివ్యంగా ఉంది. ఫ్యానే వెనకది ముందుకొచ్చింది.

మొగుడు పెదవులమీద వేలు పెట్టుకున్నాడు.

"చెప్తే మళ్ళీ సంచి మేకెక్కుతుంది," అని తరవాత గదిలో తలుపు వేసి చెప్పాడు. "పోయినసారి మాటపడ్డాక నాన్న ఎన్నాళ్ళు మనిషిలా లేడో నీకు తెలీదు. ఆ ఈల నేను విని ఎన్నాళ్ళయిందో. నాలుగురోజులు ఓర్చుకో, ఏదో ఒకటి చేద్దాం."

అలా ఆ ఇంట్లో తుమ్ములు నిషేధించబడ్డాయి.

ఇదివరకు పొగ తన ఇష్టాన పోయేది. ఇప్పుడు దాని వెనక ఒక ఫ్యాను నిలబడి గెంటుతోంది. మిరపకాయ ఘాటు వీధి గదికి కాఫీకన్నా ముందు చేరేది. అయినా ఎవరూ తుమ్మరు. అత్తగారికి తుమ్ము వస్తే పెరట్లోకి పరుగెత్తి కుళాయి ధారగా తిప్పి, ఆ చప్పుడులో కానిచ్చేది. మొగుడు వీధిలోకెళ్ళి స్కూటరు స్టార్టు చేసి, దాని మోతలో తుమ్మి, మళ్ళీ ఆపి లోపలికొచ్చేవాడు. దారినపోయేవాళ్ళు బండి చెడిందనుకుని జాలిపడేవారు. కోడలు దుప్పట్ల బీరువాలో తల దూర్చేది. మావగారైతే అసలు తుమ్మడమే మానేశారు. ఆ బీరువా పడ్డ చప్పుడు లేక ఇల్లు బోసిపోయినట్టుండేది. ఆయన ముక్కు మాత్రం పండు మిరపకాయలా ఉండేది.

రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగేవారు.

"గాలి బాగా లాగుతోందా?"

"లాగడం ఏమిటండీ, నిన్న నా కొంగే లాగింది," అనేది అత్తగారు. కొడుకు ఇంకో మెట్టెక్కి, దుకాణంలో కూడా అలాంటిదే పెట్టమని అడుగుదామనుకుంటున్నానన్నాడు. కోడలు కూడా వెనక్కి తగ్గలేదు. పుట్టింటికి ఫోను చేసి మా మావయ్యగారి ఫ్యాను గురించే చెప్పానంది. ఆయన ముగ్గురినీ ఒకరి తరవాత ఒకరిని తేరిపార చూసి, ఏమీ అనకుండా వెళ్ళి కుర్చీలో కూర్చునేవారు. అది తృప్తి అని కోడలు అనుకుంది.

ఈలోపు ఇంకో చిక్కు వచ్చిపడింది. పెద్ద టీచరుగారింట్లో ఏం ఉడికినా వీళ్ళకు ముందే తెలిసిపోతోంది. ఒకరోజు అత్తగారు నోరు జారి, గోడ మీంచి, పాలు రెండ్రోజులుగా మాడుతున్నట్టున్నాయే అని పరామర్శించింది. తన వంటింటి సంగతి వీళ్ళకెలా తెలిసిందని ఆవిడ ముఖం గంటు పెట్టుకుని, ఆ సాయంత్రమే కిటికీకి మందపాటి తెర వేయించింది. సందులో ఎదురుపడితే వీళ్ళను హాజరు వేస్తున్నట్టు చూడసాగింది.

ఇన్ని కష్టాల మధ్యా కోడలికి ఒకే ఒక ఊరట, తన వంట. పెళ్ళికి ముందు ఆమె చదువే తప్ప గరిటె పట్టింది లేదు. అలాంటిది ఇక్కడ ఏం వండినా "బాగుందమ్మా" అనేవాళ్ళే. "ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావు?" అని అత్తగారు. "హోటలు పెట్టొచ్చు," అని మొగుడు. మావగారు ఏమీ అనకుండా తలూపి మంచినీళ్ళు తాగేవారు. చాలా మంచినీళ్ళు తాగేవారు. కూర దించగానే అత్తగారు, ఫ్యాను ఎలా తిరుగుతోందో చూసొస్తానంటూ ఎందుకు వంటింట్లోకి వెళ్ళేదో కోడలు ఎన్నడూ ఆలోచించలేదు. ఇంత మంచివాళ్ళు దొరికారే అని మురిసిపోయేది. ఒక్కోసారి మాత్రం, ఎందుకో, చుట్టం చూపుగా వచ్చినట్టనిపించేది. అంత మర్యాద. పుట్టింట్లో అయితే అన్నయ్య ఈపాటికి కంచం జరిపి ఎన్ని వెక్కిరింతలు వెక్కిరించేవాడో.

మావగారి ఈల ఆగిపోయిందని ముందు కనిపెట్టింది అత్తగారే. రెండోరోజే ఆగిందట. మొన్నటికి మొన్న ఆయన సంచి సర్దుతుండగా చూసింది. మేకువైపు కూడా చూశారట. కొడుక్కి గాభరా పుట్టింది. ఆయనకు అనుమానం రాకముందే ఫ్యాను తిప్పేయాలి. దానికి మావగారి పాత శిష్యుణ్ణి పిలవడమే దారి అని తేల్చాడు. ఆ శిష్యుడు ఇప్పుడు సొంతంగా పనులు చేసుకుంటున్న గట్టి మేస్త్రీ; అయినా గురువు పేరు చెబితే చెప్పులు విప్పే రకం. ఆ మాటే వద్దు బాబూ, ఆయన ఫ్యానుమీద నేను చెయ్యి వేయడమా అని మొదట చెవులు మూసుకున్నాడట. ఆయన కోసమే అని బతిమాలితే ఒప్పుకున్నాడు.

సాయంత్రం మావగారు వాహ్యాళికి బయల్దేరి సందు మలుపు తిరిగారో లేదో, శిష్యుడు దొంగలా పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. ముక్కాలిపీట ఎక్కి, ఫ్యానును కన్నంలోంచి ఊడదీసి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు కిర్రుమంది. రోజూ కలిసి నడిచే స్నేహితుడికి జలుబట. మావగారు వెనక్కి వచ్చేశారు.

ఒక్కో గదీ దాటి వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తుంటే వంటింట్లో నలుగురూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

మావగారు గుమ్మంలో ఆగారు. గోడ కన్నం చూశారు. పీటమీద శిష్యుణ్ణి, అతని చేతుల్లో ఫ్యానును చూశారు.

"బల్లి దూరిందండీ," అంది అత్తగారు.

"దుమ్ము పట్టింది నాన్నా," అన్నాడు కొడుకు, అదే క్షణంలో.

శిష్యుడికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "మీ పనితనం చూద్దామని విప్పాను గురువుగారూ," అన్నాడు.

"చూశావా?"

"చూశానండి."

"ఎలా ఉంది?"

"వంక పెట్టడానికి లేదండి," అన్నాడు శిష్యుడు, ఫ్యానును గుండెలకు ఇంకాస్త హత్తుకుని.

మావగారి ముఖం నల్లబడింది. ఆయన కోపం వస్తే అరిచే మనిషని కోడలు విన్నది. ఇప్పుడు అరవకపోవడమే భయంగా ఉంది. ఆయన భుజానున్న తువ్వాలు తీసి మడతపెట్టారు. మడతలో మడత పెట్టారు. ఇక తిరిగి వెళ్ళిపోతారు, సంచి మేకెక్కుతుంది, అంతే అని ఆమెకు అర్థమైపోయింది. వెళ్ళబోతూ ఆయన ఆమెవైపు చూశారు.

"అమ్మాయ్. నువ్వు చెప్పు. గాలి బాగా లాగుతోందా?"

మొగుడు కళ్ళతో వద్దంటున్నాడు. అత్తగారు చేత్తో వద్దంటోంది. శిష్యుడు ఫ్యాను రెక్కల సందుల్లోంచి వద్దంటున్నాడు. రోజూ అడిగే ప్రశ్నే. కానీ ఆ కళ్ళు ఇవాళే ఆమె దగ్గరగా చూసింది. అవి మెప్పు కోసం అడుగుతున్న కళ్ళు కావు. ఎవరో ఒకరు నిజం చెప్పేదాకా కదలనని ఆటలో మొండికేసే చిన్నపిల్లాడి కళ్ళు.

"లేదు మావయ్యగారూ," అంది. "ఫ్యాను వెనకది ముందుకు పెట్టారు. అంచుమీద బాణం గుర్తు లోపలికి చూస్తోంది. మొదటిరోజు నుంచీ గాలి లోపలికే కొడుతోంది. తుమ్ములు ఆపుకోలేక చచ్చిపోతున్నాం."



మావగారు వెళ్ళి బియ్యం డబ్బామీద చతికిలబడ్డారు. "అమ్మయ్య," అన్నారు. "ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు."

ఆయనకు రెండోరోజే తెలిసిందట. ఎవరూ లేనప్పుడు వచ్చి ఫ్యాను ముందు కాగితం ముక్క పట్టుకుంటే, అది అంటుకోకుండా ఎగిరొచ్చి ముఖాన పడిందట. తిప్పి పెట్టుకోవడం తనకెంతసేపు? కానీ ఇంట్లో ఎవరైనా చెబుతారేమో చూద్దామని ఆగారు. అందుకే రోజూ అడిగారు. అడిగిన కొద్దీ వీళ్ళు పొగిడారు.

"మరి చెప్పలేకపోయారా?" అంది అత్తగారు, ఏడుపూ కోపమూ కలిసి. "మీరు బాధపడతారని మేము పెరట్లోనూ వీధిలోనూ తుమ్మి చస్తుంటే."

"బాధే," అన్నారాయన. శిష్యుడివైపు చెయ్యి చూపించారు. "వీణ్ణి అడుగు. నిచ్చెన మీంచి దింపి ఎన్నిసార్లు తిట్టానో. తిట్టానంటే, రేపు మళ్ళీ పనిలోకి రారా అని. ఇంక పిలవదలుచుకోని వాడికే మేము బాగుందని చెప్పి పంపించేసేవాళ్ళం. రోజూ పొద్దున్నే మీ ముగ్గురూ కలిసి నన్ను పంపించేశారు."

కొడుకు తల దించుకున్నాడు. శిష్యుడు భుజానికి కళ్ళు తుడుచుకున్నాడు. చేతులు ఖాళీగా లేవు మరి.

కోడలి బుర్రలో మాత్రం 'బాగుంది' అనే మాట ఒక్కటే గిరగిరా తిరుగుతోంది. దాని వెనకాలే గ్లాసులకొద్దీ మంచినీళ్ళు తిరుగుతున్నాయి. కూర దించగానే ఫ్యాను చూడ్డానికి వెళ్ళే అత్తగారు తిరుగుతోంది.

"మరి," అంది మెల్లిగా, "నా వంట?"

మొగుడు స్కూటరు స్టార్టు చేయాల్సినవాడిలా వీధివైపు చూశాడు. శిష్యుడు ఆ ఇంటి కూర ఎన్నడూ తిననివాడు కాబట్టి అతనొక్కడే ధైర్యంగా నిలబడ్డాడు.

"అమ్మాయ్," అన్నారు మావగారు, "నువ్వు నాకు నిజం చెప్పావు కనుక చెప్తున్నా. ఉప్పు. కూర కూరంతా ఉప్పే. మీ అత్తయ్య రోజూ వెనకాల వచ్చి, నీళ్ళు పోసి, ఉడికించిన బంగాళాదుంపలు కలిపి మాకు పెడుతోంది. అయినా నేను మంచినీళ్ళతోనే బతుకుతున్నాను."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కొత్తపిల్లవి, నొచ్చుకుంటావేమోనని తల్లీ."

కోడలు ఏడవడం మొదలుపెట్టింది. ఎందుకేడుస్తోందో ఆమెకే తెలియలేదు. ప్రతి కూరలోనూ బంగాళాదుంపలు ఎలా వస్తున్నాయా అని ఎన్నిసార్లు అనుకుందో గుర్తొచ్చి, ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వింది. నవ్వాక ఆపుకోలేకపోయింది. ఆమెను చూసి అత్తగారు నవ్వింది. ఆ నవ్వులో ముక్కులోకి ఏదో పోయి, ఇన్నాళ్ళ బాకీ అన్నట్టు, కుళాయి తిప్పకుండానే, పిల్లిలా వరసగా తుమ్మింది.

"ఇంక దాన్ని దించరా, ఊపిరాడక చచ్చేలా ఉంది," అన్నారు మావగారు శిష్యుడితో. "ఆ బాణమేదో ఎక్కడుందో చూపించండి నాకు."

కొడుకు వీధిలోకి వెళ్ళాడు. స్కూటరు పెట్టెలోంచి ఒక కళ్ళజోడు తెచ్చాడు. పేపరు ఎంత దూరంగా పట్టుకుంటున్నారో రోజూ చూసి, ఉజ్జాయింపున చేయించి పెట్టుకున్నాడట. ఇవ్వడానికి ధైర్యం చాలక ఆ పెట్టెలోనే తిప్పుతున్నాడట.

"ఇదీ చెప్పలేదా?" అన్నారు మావగారు. అని, చెయ్యి చాచారు.

అద్దాలు పెట్టుకుని ముందు బాణం చూశారు. "చీమ కూడా ఇంతకన్నా పెద్దది," అని విసుక్కున్నారు. తరవాత తలెత్తి అందరినీ చూస్తూ, భార్య దగ్గర ఆగిపోయారు. "నీకు జుట్టు ఇంత ఎప్పుడు నెరిసిందే?"

"మీ తుమ్ములకి ఉలిక్కిపడి ఉలిక్కిపడి," అంది అత్తగారు. కానీ చెంపలమీది వెంట్రుకలు వెనక్కి సర్దుకుంది.

ఫ్యాను తిరగేసి పెట్టారు. మావగారు చెబుతుంటే మరలు బిగించింది కోడలు. వంకరగా బిగిస్తే, వంకరగా ఉంది విప్పు అన్నారు. ఆమె సంతోషంగా విప్పింది. అంతటితో అవలేదని, శిష్యుణ్ణి నిచ్చెన ఎక్కించి, రంగు పూసేసిన పాత వెంటిలేటరు చుట్టూ ఉలితో గీయించారు. గాలి బయటికి పోవాలంటే ఇంకో దారిన లోపలికి రావాలి, అన్నీ బిగించుకుని కూర్చుంటే ఏ ఫ్యానూ ఏమీ లాగలేదని ఆయన పాఠం చెప్పారు. వెంటిలేటరు ఒక్క మూలుగు మూలిగి తెరుచుకుంది. దాంట్లోంచి సాయంత్రపు ఎండ ఒక పలకలా వచ్చి వంటింటి గట్టుమీద పడింది. ఆ ఎండపలకమీద చెయ్యి పెట్టి కోడలు మళ్ళీ మురిసిపోయింది.

'టక్'. కాగితం ముక్క వెళ్ళి ఫ్యానుకు అతుక్కుంది. అది చాలదు, అసలు పరీక్ష కావాలని మావగారు పట్టుబట్టారు. కోడలు మూకుడు పెట్టి పిడికెడు ఎండుమిరపకాయలు వేసింది. ఘాటు లేచింది. అందరూ ముక్కులు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. పొగ ఒకసారి అటూ ఇటూ చూసి, వయ్యారంగా ఒళ్ళు తిప్పుకుని, ఫ్యాను లోంచి సందులోకి వెళ్ళిపోయింది. ఇంట్లో ఒక్కరూ తుమ్మలేదు.

కాసేపటికి సందుకు అవతల, మందపాటి తెర వెనకాల, హెడ్మిస్ట్రెస్ హోదాకు తగ్గ తుమ్ము ఒకటి వినిపించింది.

"ఎవరక్కడ?" అన్నారు పెద్ద టీచరుగారు.

అయిదుగురూ కింద కూర్చుండిపోయారు, కనపడకుండా. "నిజం చెప్పాలంటున్నారుగా, వెళ్ళి చెప్పండి," అని భార్య గుసగుసలాడితే, మావగారు రేపు చెబుదాంలే అన్నారు.

ఆ రాత్రి శిష్యుణ్ణి కూడా భోజనానికి ఆపేశారు. కోడలు వండింది. అత్తగారు ఫ్యాను చూడ్డానికి లోపలికి వెళ్ళలేదు. కోడలు కూర వడ్డించి, పక్కన నిలబడి, చేతులు నలుపుకుంటూ చూసింది. మావగారు కళ్ళజోడు సర్దుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలారు. మంచినీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.

"చప్పగా ఉందమ్మాయ్," అన్నారు. "ఉప్పు పట్రా."

ఆ మాటకే అంత సంతోషమేమిటో, కోడలు ఉప్పు డబ్బా కోసం పరుగెత్తింది. దారిలో అవసరం లేకపోయినా వంటింటి స్విచ్చు ఒకసారి ఆపి మళ్ళీ వేసింది. వెనకనుంచి మావగారి గొంతు వినిపించింది.

"కరెంటు ఖర్చు."